నైజీరియా పాఠం చెప్పబోతున్న మా అమ్మాయికి

బుజ్జీ,

వాయిస్ మెసేజ్ పెడదామనుకున్నా గానీ పెద్దగా అయితే నువ్వు వినవని తెలుసు, అందుకే టైప్ చేస్తున్నా, అక్షరాలు అటూఇటూ అయితే సర్దుకో. టెన్త్ వాళ్ళకి నైజీరియా పాఠం రెండు పీరియడ్లలో లాగించేస్తా, పేర్లు నోరు తిరగట్లేదు బట్టీ కొట్టించేస్తా అన్నావు చూడు, అది మాత్రం నేను ఒప్పుకోను. నువ్వు పుట్టకముందు నేను నైజీరియా ఉత్తరాన ఉన్న కానో నగరంలో సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఆయిల్ డబ్బులతో వాళ్ళు ఊరూరా స్కూళ్ళు పెట్టి టీచర్లు చాలక మన దేశం నుంచి కూడా తీసుకుంటున్న రోజులవి. నేను సోషల్ టీచర్ని కాను నిజమే, కానీ ఆ దేశం సంగతి వచ్చేసరికి నోరు మూసుకుని కూర్చోలేను.

పుస్తకంలో ఎలా ఉంటుందంటే బ్రిటిష్ వాళ్ళు వచ్చారు, ఉద్యమం జరిగింది, 1960 అక్టోబర్ 1న స్వాతంత్ర్యం వచ్చింది, తర్వాత సైనిక పాలన అవినీతి ఆయిల్ గొడవలు. ఇంతే చెప్తే పిల్లలకి ఏం మిగులుతుంది చెప్పు, తెల్లవాళ్ళు పోయాక వీళ్ళు చేసుకోలేకపోయారు అనే ముక్క ఒక్కటే మిగులుతుంది. నువ్వు ఆ మాట అనకపోయినా వాళ్ళ బుర్రలోకి అదే వెళ్తుంది. అందుకని నా సలహా ఒకటే, ఏ తేదీ చెప్పినా వెంటనే "ఇది ఎవరికి మారింది?" అని అడుగు. 1960 అనగానే ఎవరికి అని అడుగు. ఎందుకంటే అక్కడ స్వాతంత్ర్యం అందరికీ ఒకే రోజున రాలేదు. తూర్పు, పడమర రీజియన్లకి, అంటే మన రాష్ట్రాల్లాంటి భాగాలకి, సొంత పాలన 1957లోనే వచ్చింది, ఉత్తరానికి 1959లో. 1960 తర్వాత కూడా ఇంకో మూడేళ్ళు బ్రిటన్ రాణే వాళ్ళకీ రాణి, రిపబ్లిక్ అయింది 1963లో. ఇంక ఉత్తరాదిలో ఆడవాళ్ళకైతే ఓటు హక్కే 1976లో వచ్చింది, జాతీయ ఎన్నికల్లో మొదటిసారి వేసింది 1979లో. అదీ ఇచ్చింది ఎవరనుకున్నావ్, మిలిటరీ ప్రభుత్వం! ఈ ఒక్కటి క్లాసులో చెప్పి చూడు, సైన్యం చెడ్డది ఎన్నికలు మంచివి అని తేలిగ్గా రాసేద్దామనుకున్న పిల్లలు పెన్ను ఆపుతారు.

మొదలుపెట్టడానికి బ్రిటిష్ గవర్నర్ లుగార్డ్ బాగుంటాడు. 1914 జనవరి 1న ఉత్తర, దక్షిణ భాగాల్ని కలిపి నైజీరియా చేసింది ఆయనే, పుట్టింది మాత్రం మన మద్రాసులో, 1858లో. పిల్లలు ఇది వింటే నిద్ర లేస్తారు. అంతకుముందు మన ఈస్టిండియా కంపెనీ లాగే అక్కడ రాయల్ నైజర్ కంపెనీ ఉండేది, 1900లో దాని చేతిలోంచి పాలన తీసుకుని బదులుగా 8,65,000 పౌండ్లు ఇచ్చారు. కంపెనీకి పరిహారం, జనానికి పన్ను. కలపడం కూడా ఏదో ప్రేమతో కాదు, ఉత్తరాది పాలనకి ఖర్చు ఎక్కువ ఆదాయం తక్కువ, దక్షిణాన రేవుల్లో కస్టమ్స్ డబ్బు బాగా వచ్చేది, ఆ లోటు ఈ మిగులుతో పూడ్చుకోవచ్చని. కలిపారన్నమాటే గానీ పాలన వేర్వేరుగానే నడిచింది.

ఇక్కడ పరోక్ష పాలన అనే మాట వస్తుంది, పిల్లలు దాన్ని నిర్వచనం లాగా రాసేసి వదిలేస్తారు, అలా వదలనివ్వకు. ఉత్తరాన ఎమీర్లు, అంటే ముస్లిం పాలకులు, ముందునుంచే ఉన్నారు కాబట్టి వాళ్ళ ద్వారానే పన్ను వసూలు చేయించారు, సరే. తూర్పున ఇబో అనే తెగ ఊళ్ళలో చాలాచోట్ల అసలు రాజులే లేరు, పెద్దలూ ఊరి సభలూ కలిసి తేల్చుకునేవాళ్ళు. మరి ఎవరి ద్వారా పాలించాలి? అందుకని ఒక కాగితం రాసిచ్చి ఫలానావాడు మీ చీఫ్ అన్నారు, వారంట్ చీఫ్‌లు అనేవాళ్ళు. లేని రాజుని తయారుచేసి వాడితో పన్ను వసూలు చేయించారన్నమాట. 1929లో ఒలోకో అనే ఊళ్ళో ఒక ఇంట్లో మనుషుల్ని, మేకల్ని లెక్కపెట్టడానికి మనిషొస్తే ఆ ఇల్లాలు న్వాన్యెరువా మీ అమ్మని లెక్కపెట్టారా అని తిరగబడింది, ఆడవాళ్ళకీ పన్ను వేస్తారని పుకారు పాకిపోయింది, వేలమంది ఆడవాళ్ళు చీఫ్‌ల ఇళ్ళ ముందు కూర్చుని పాటలు పాడుతూ వాళ్ళని దిగిపొమ్మన్నారు, కోర్టులు తగలబెట్టారు. కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు. తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఆ వారంట్ చీఫ్‌ల పద్ధతిని మార్చుకోక తప్పలేదు. పార్టీ లేదు, పెద్ద నాయకుడు లేడు, చదువుకున్నవాళ్ళు కూడా కాదు. హెర్బర్ట్ మెకాలే అనే అక్కడి నాయకుడు (మనకి తెలిసిన మెకాలే కాదు) 1923లో పార్టీ పెట్టాడు, అజికివె అనే ఇంకో నాయకుడు 1937లో పత్రిక పెట్టాడు, 1944లో వీళ్ళిద్దరూ కలిసి పెట్టిన పార్టీ ఎన్‌సిఎన్‌సి, ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, గబగబా చెప్పెయ్యి. ఈ ఆడవాళ్ళ దగ్గర మాత్రం ఆగు, ముఖ్యంగా మీ క్లాసులో ఆడపిల్లలు వెనక బెంచీల్లో కూర్చుంటే.

ఇప్పుడు లెక్కల మాస్టారి బుద్ధి చూపిస్తా. 1959 ఎన్నికల్లో ఫెడరల్ సభకి 312 సీట్లు. ఉత్తరం 174, తూర్పు 73, పడమర 62, అప్పటి రాజధాని లాగోస్ 3. పిల్లల్ని 30 మందిని నిలబెట్టి ఇదే నిష్పత్తిలో విడగొట్టు, 17 మంది ఉత్తరం, ఏడుగురు తూర్పు, ఆరుగురు పడమర. లాగోస్‌కి మనిషిలో మూడోవంతు కూడా రాదు, అది నువ్వు తీసుకో. ఇప్పుడు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమను. 17 మందీ ఒక్కటైతే మిగతా రెండు గుంపులూ కలిసినా ఏం చెయ్యలేరని వాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత జనాభా లెక్కలు మళ్ళీ తీస్తాం, దాన్నిబట్టి సీట్లు అని చెప్పు. చూడు ప్రతి గుంపూ తమ వాళ్ళని ఎక్కువ చూపించడానికి ఎలా పోటీ పడుతుందో. నిజంగా జరిగిందీ అదే, 1962లో తీసిన లెక్కలు గొడవపడి రద్దు చేశారు, 1963లో మళ్ళీ తీస్తే 5 కోట్ల 56 లక్షలని తేలింది, దాన్నీ తూర్పు వాళ్ళు నమ్మలేదు. పిల్లలు ఇది ఆడాక నైజీరియా వాళ్ళు తెగల పేరుతో కొట్టుకున్నారు అనే వాక్యం రాయరు, ఎందుకంటే కాసేపటి క్రితం తామూ కొట్టుకున్నారు, వీళ్ళకి తెగ లేదు, నియమం ఒక్కటే ఉంది.

ఒక జాగ్రత్త. ఈ ఆట వల్ల ఉత్తరం అంతా ఒకే మనిషి అన్నట్టు అనిపిస్తుంది, అది తప్పు. నేనున్న కానోలోనే 1950లో నెపు అనే పార్టీ పుట్టింది, ఎమీర్ల పెత్తనానికి ఎదురుగా, సామాన్యుల కోసం. దాని నాయకుడు అమీను కానో కూడా టీచరే. ఆయన 1983లో పోయాడు, ఆ రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో ఆయన గురించి ఎంత మర్యాదగా మాట్లాడేవాళ్ళో, ఎమీర్ గురించి కూడా అంతే మర్యాదగా, ఆ రెండూ ఎలా కుదురుతాయో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. అందుకని ఆ 17 మందిలో ఇద్దరు ముగ్గురికి చెవిలో చెప్పు, మీరు మీ వాళ్ళకే వ్యతిరేకం అని.

1966, 67 సంగతి చెప్పడం కష్టం. 1966 జనవరిలో ఎక్కువగా ఇబో అధికారులు చేసిన సైనిక కుట్ర, ప్రధాని బలేవా, ఉత్తరాది ప్రీమియర్ అహ్మదు బెల్లో హత్య, జూలైలో ఎదురు కుట్ర, ఉత్తరాన ఇబోల ఊచకోత, లక్షల మంది రైళ్ళలో లారీల్లో తూర్పుకి పారిపోవడం. 1967 మే 27న సైనిక పాలకుడు గోవన్ దేశాన్ని 12 రాష్ట్రాలు చేశాడు, మే 30న తూర్పు రీజియన్ గవర్నర్ ఒజుక్వు దాన్ని బియాఫ్రా అనే వేరే దేశంగా ప్రకటించాడు. ఈ మూడు రోజుల తేడా పిల్లలకి చూపించు. తూర్పు రీజియన్‌ని మూడు ముక్కలు చేసేసరికి ఇబోలు ఎక్కువున్న ముక్కకి సముద్రం లేకుండా పోయింది, ఆయిల్‌లో చాలా భాగం పక్క రాష్ట్రానికి వెళ్ళింది. ఆ పక్క రాష్ట్రంలో ఉన్న చిన్న తెగలకేమో ఇన్నాళ్ళకి మాకో రాష్ట్రం అని సంతోషం. ఎవరికి మారింది అని మళ్ళీ అడుగు. బియాఫ్రా ప్రకటనతో మొదలైన యుద్ధం 1970 జనవరిలో అయిపోయేసరికి పది లక్షలమంది పోయారనేవాళ్ళున్నారు, ఇంకా ఎక్కువనేవాళ్ళున్నారు, ఎక్కువమంది ఆకలితోనే. కానోలో సాబన్ గరి అనే పేటలో స్పేర్ పార్ట్స్ అమ్మే ఒక ఇబో ఆయన ఉండేవాడు, యుద్ధమయ్యాక తిరిగొచ్చి మళ్ళీ షాపు పెట్టుకున్నాడు, ఆ మాట ఎత్తితే చాలు వెంటనే బేరంలోకి దిగేవాడు. బొమ్మలు చూపించి పిల్లల్ని ఏడిపించకు, ఆకలితో ఉన్న పిల్లల ఫోటోలు వద్దు. రైలు దిగిన కుటుంబం ఇప్పుడు ఎక్కడ ఉండాలి, ఇల్లు ఎవరిది, ఉద్యోగం ఏమైంది, ఇలాంటివి అడుగు.

మిలిటరీ పాలన దగ్గర నీకు నా కళ్ళతో చూసిన ముక్క ఒకటిస్తా. 1983 డిసెంబర్ 31, రేడియోలో బ్రిగేడియర్ సానీ అబాచా గొంతు, ఎన్నికైన ప్రెసిడెంట్ షగారీ ప్రభుత్వం పోయింది, జనరల్ బుహారీ వచ్చాడు. మేం భయపడి తలుపులేసుకుంటే బయట జనం సంబరపడుతున్నారు! ఎందుకంటే ఆయిల్ ధర పడిపోయి సరుకులు దొరక్క, ఆగస్టు ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందని కడుపుమండి ఉన్నారు. జనం సైన్యాన్ని ఎందుకు మెచ్చుకున్నారో చెప్పకుండా సైనిక పాలన చెడ్డది అని చెప్తే పాఠం అబద్ధమవుతుంది. నాలుగు నెలలకే సరిహద్దులు మూసి నోట్ల రంగులు మార్చారు, బ్యాంకుల ముందు ఎండలో క్యూలు, క్యూ తప్పితే సోల్జర్ బెత్తం, మెచ్చుకున్న నోళ్ళే తిట్టడం మొదలుపెట్టాయి. ఇంక ఇదే బుహారీ 2003, 2007, 2011లో ఎన్నికల్లో ఓడి 2015లో గెలిచాడు, పదవిలో ఉన్న ప్రెసిడెంట్ ఎన్నికల్లో ఓడిపోవడం అక్కడ అదే మొదటిసారి. ఒబసాంజో కథ ఇంకా గమ్మత్తు, బియాఫ్రా లొంగుబాటు తీసుకున్న సైన్యాధికారి, 1976 నుంచి 79 దాకా సైనిక పాలకుడు, ఎన్నికలు పెట్టి దిగిపోయాడు, తర్వాత తనూ సైనిక పాలకుడైన ఆ అబాచాయే ఈయన్ని జైల్లో పెట్టాడు, 1999లో ఓటుతో ప్రెసిడెంట్. ఈ ఒక్క మనిషి జీవితం బోర్డు మీద గీస్తే 30 ఏళ్ళ చరిత్ర వచ్చేస్తుంది, పేర్లు బట్టీ కొట్టక్కర్లేదు.

మా స్కూల్లో పిల్లలు నన్ను అడిగేవాళ్ళు, సర్ మీకూ బ్రిటిష్ వాళ్ళే కదా, మీ దగ్గర సైన్యం ఎందుకు రాలేదు అని. ఒకడైతే మీకు ఎమర్జెన్సీ వచ్చింది కదా సర్ అని నన్నే ఇరికించాడు. మీ పిల్లలూ తిరగేసి అడుగుతారు, వాళ్ళ దగ్గర ఎందుకొచ్చింది అని. మన రక్తం మంచిది లాంటి జవాబులు రానివ్వకు. మన కాంగ్రెస్ 1885లో మొదలై స్వాతంత్ర్యం నాటికి ఊరూరా కొమ్మలేసుకుంది. అక్కడ 1946 రాజ్యాంగం దేశాన్ని మూడు రీజియన్లుగా చేసింది, 1951 రాజ్యాంగం ఆ రీజియన్లకే అధికారం ఇచ్చింది, పడమర నాయకుడు అవొలొవొ పెట్టిన యాక్షన్ గ్రూప్, ఉత్తరాది ఎన్‌పిసి రెండూ రాజకీయ పార్టీలుగా నిలబడింది ఆ 1951లోనే, ఎవరి రీజియన్‌లో వాళ్ళు. స్వాతంత్ర్యానికి ఇంక తొమ్మిదేళ్ళే ఉంది. దేశమంతా ఓట్లు అడగాల్సిన అవసరం ఏ పార్టీకీ పెద్దగా పడలేదు. ఇదొక్కటే కారణమని కాదు, నాకు పెద్దదిగా కనిపించేది ఇది. బ్రిటిష్ వాళ్ళ గీతలు కొంత, వాటితో లాభపడిన అక్కడి నాయకులు కొంత, రెండూ చెప్పు, ఒక్కళ్ళ మీదే తోసేస్తే పిల్లలు ఆలోచించడం ఆపేస్తారు.

మన రాజకీయాల్లోకి లాగుతారని భయపడుతున్నావు కదా, ఎవడో ఒకడు మన దగ్గరా ఇంతే కదా టీచర్ అంటాడు, ఇంటికెళ్ళి చెప్తే తల్లిదండ్రులు వస్తారు. ఏ విషయంలో ఇంతే అని అడుగు, సీట్ల లెక్కా, ఓటు ఎప్పుడొచ్చిందా, పన్ను ఎవరు వసూలు చేశారా. తేడా కూడా వాడితోనే చెప్పించు. నీ పార్టీ ఏంటో వాళ్ళకి తెలియక్కర్లేదు. కానీ ప్రశ్న అడిగినవాణ్ణి మాత్రం కూర్చోబెట్టకు.

పరీక్షకి నాలుగు మార్కుల ప్రశ్న ఎలాగూ పరోక్ష పాలన మీదో, డెల్టాలో ఒగోని తెగ తరఫున పోరాడిన రచయిత కెన్ సారో-వివా మీదో వస్తుంది. 1956లో ఒలోయిబిరిలో ఆయిల్ పడటం, నైజర్ నది డెల్టాలో చేపలూ పొలాలూ పాడవ్వడం, ఒగోని ఉద్యమం, 1995 నవంబర్ 10న సారో-వివాకి ఉరి, కామన్‌వెల్త్ నుంచి సస్పెన్షన్, ఈ వరసలో రాయించు, మార్కులు పోవు. టైముంటే ఒక హోంవర్క్ ఇవ్వు, నైజీరియా జాతీయగీతం 1960లో ఒక బ్రిటిష్ ఆవిడ రాసింది, 1978లో దాన్ని తీసేసి సొంతంగా రాయించుకున్నారు, 2024లో మళ్ళీ పాతదే తెచ్చారు. ఇది వాళ్ళకి మంచిదా కాదా అని కాదు, ఎవరు కావాలన్నారు ఎవరు వద్దన్నారు రెండు వైపులా రాసుకు రమ్మను.

రెండు పీరియడ్లు చాలవు, నాలుగు అడుగు. హెచ్ఎం ఒప్పుకోకపోతే 30 మంది ఆట ఒక్కటైనా పెట్టు, అది ఒక పీరియడ్‌లో అయిపోతుంది. శనివారం వస్తున్నావా లేదా అమ్మ అడుగుతోంది, వస్తే నీ టెక్స్ట్‌బుక్ తీసుకురా, అందులో మ్యాప్‌లో రీజియన్ల గీతలు ఎలా వేశారో నేను చూడాలి.

నాన్న