ఆ తేదీ విల్బర్‌ఫోర్స్‌ది కాదు

సంపాదకులకు,

అయ్యా,

ఆగస్టు 23న బానిస వ్యాపార స్మారక దినం గురించి మీరు వేసిన వ్యాసం చదివి పది రోజులైంది. సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. పంచాంగంలో రాహుకాలం పది నిమిషాలు తప్పు పడితే మర్నాడే చింతిస్తున్నామని వేసే పత్రిక, ఒక దేశం చరిత్ర తారుమారైతే మాత్రం నిశ్చింతగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

వ్యాసంలో మూడు వంతులు విల్బర్‌ఫోర్స్ గారి కరుణకే సరిపోయింది. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించడానికి ఆయన బ్రిటిష్ పార్లమెంటులో ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పోరాడిన మాట నిజం, కాదనను. కానీ యునెస్కో ఆగస్టు 23నే ఎందుకు ఎంచుకుంది? 1791లో ఆగస్టు 22 రాత్రి, తెల్లవారితే 23, కరేబియన్ సముద్రంలో ఫ్రెంచివారి వలస అయిన సెయింట్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు కనుక. వారు నెత్తురు ధారపోసిన చెరకు తోటలకు వారే నిప్పు పెట్టారు. పన్నెండేళ్లకు పైగా పోరాడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని కూడా ఓడించి, 1804 జనవరి 1న హైతీ అనే దేశాన్ని నిలబెట్టుకున్నారు. మీ వ్యాసంలో ఆ దేశానికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. అందులోనూ ‘తాహితీ’ అని అచ్చయింది! తాహితీ పసిఫిక్ సముద్రంలో ఉంది. శుభలేఖలో పెళ్లికొడుకు పేరు మారిపోతే ఊరుకుంటామా? ఆ పోరాటాన్ని నడిపి, చివరకు ఫ్రాన్సులోని ఒక కొండకోటలో ఖైదీగా 1803లో కన్నుమూసిన టూసాన్ లూవెర్‌చూర్ పేరైతే అసలే లేదు.

పైగా బ్రిటన్ బానిసలకు స్వేచ్ఛ ‘ప్రసాదించింది’ అని రాశారు. ఆ ప్రసాదం ఖరీదు ఎంతో, అది ఎవరి చేతిలో పడిందో కూడా రాస్తే బాగుండేది. బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టం కింద యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ముట్టింది. బానిసలకు చిల్లిగవ్వ లేదు సరికదా, శిక్షణ పేరుతో 1838 దాకా అదే యజమానుల దగ్గర వెట్టి చేయించారు. ఆ పరిహారం కోసం ప్రభుత్వం చేసిన అప్పు 2015లో గానీ తీరలేదు. అంటే బానిసల మునిమనుమలు కట్టిన పన్నులు కూడా ఆ బాకీలోకే వెళ్లాయి. హైతీకి జరిగింది ఇంకా అన్యాయం. 1825లో ఫ్రెంచి యుద్ధనౌకలు రేవులో నిలబడి 15 కోట్ల ఫ్రాంకులు కక్కమన్నాయి, తరువాత దాన్ని 9 కోట్లకు దించారు. దొంగే ఇంటివాడి దగ్గర నష్టపరిహారం రాబట్టుకున్నట్టు! ఆ అప్పుల తోక మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947 దాకా సాగింది.

ఓడల్లో తరలించిన బానిసల సంఖ్యను వ్యాసకర్త ‘లక్షలాది మంది’ అని తేల్చేశారు. చరిత్రకారుల లెక్క ప్రకారం ఆఫ్రికా తీరంలో ఓడలెక్కించినవారు సుమారు కోటీ పాతిక లక్షలు. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవారు సుమారు కోటీ ఏడు లక్షలు. మీ ‘లక్షలాది’ సముద్రంలో కలిసిపోయినవారికే సరిపోతుంది.

ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ని. 1788లో అచ్చయిన బ్రూక్స్ అనే బానిసల ఓడ పటంలో ఒక్కో మగవాడికి చూపిన చోటు ఆరడుగుల పొడవు, పదహారంగుళాల వెడల్పు. ఒకసారి తరగతి గది నేల మీద సుద్దముక్కతో ఆ కొలత గీసి, పదో తరగతి కుర్రవాణ్ని పడుకోమన్నాను. వాడి భుజాలు గీతలు దాటాయి. మొదట నవ్విన పిల్లలు, వారాల తరబడి అలాగే, పక్కవాడికి గొలుసుతో కట్టేసి ఉంటారని చెప్పగానే చప్పున ఆగిపోయారు.

ఇదంతా ఎక్కడి గొడవో అనుకునేవారికి ఒక మాట. మా బందరు ఉన్న ఈ కోరమాండల్ తీరంలో నేసి, నీలిమందులో ముంచిన నూలు గుడ్డను ఐరోపా కంపెనీలు కొని లండన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేసేవి. అక్కడి నుంచి అది పశ్చిమాఫ్రికాలోని గినీ తీరానికి వెళ్లి మనుషులకు మారకంగా చెల్లేది. దాని పేరే గినీ గుడ్డ. మగ్గం ముందు కూర్చున్నవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. మనం విలువ లేనిదానికి ఉపమానంగా చెప్పుకునే గవ్వ కూడా మాల్దీవుల నుంచి ఓడలెక్కి, పశ్చిమాఫ్రికాలో మనుషుల్ని కొనే నాణెమైంది. అన్నట్టు, మీరు పొగిడిన 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ భూభాగాలను మినహాయించింది. ఇక్కడి బానిసత్వం మీద చట్టం 1843 దాకా రాలేదు.

ఒక్క పత్రికనే అని ఏం లాభం? మొన్న ఒక గ్రంథాలయంలో హైతీ గురించి పుస్తకం అడిగితే పోటీ పరీక్షల గైడు చేతిలో పెట్టారు. ‘బానిసత్వాన్ని రద్దు చేసినది ఎవరు?’ నాలుగు జవాబులూ తెల్లదొరలవే. రేపు ఆఫీసు కుర్చీల్లో కూర్చునేది ఆ గైడు బట్టీ పట్టినవారే. చరిత్ర అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉంచి, వారసత్వ సంపద మీద సదస్సులు పెట్టే పెద్దలకు ఇంతకంటే ఏం కావాలి?

సవరణకు మూడు పంక్తులు చాలు. ఈ ఉత్తరాన్ని కుదించక తప్పకపోతే గైడు సంగతి తీసేయండి, తేదీ సంగతి ఉంచండి. హైతీకి ముందు ‘తా’ మాత్రం మళ్లీ చేర్చకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం