హార్మోన్లు మాకు రోజువారీ మందులే, వార్త కూడా అలాగే రాయండి

సంపాదకులు గారికి నమస్కారం,

నేను ట్రాన్స్ మహిళని, వయసు ముప్ఫై ఆరు, డాక్టర్ రాసిచ్చిన ఈస్ట్రోజన్ (ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువగా ఉండే హార్మోన్) వాడబట్టి తొమ్మిదేళ్లవుతోంది. పేపర్లలో మా గురించి ఎప్పుడు రాసినా "హార్మోన్ ఇంజక్షన్లు చేయించుకుని అమ్మాయిగా మారిపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అది చదివితే ఏదో రాత్రి సూది వేయించుకుంటే తెల్లారేసరికి మనిషి మారిపోతారన్నట్టే ఉంటుంది. అలాంటి ముక్కలు చదివే ఇరవై ఆరేళ్లప్పుడు నా ప్రాణం మీదకి తెచ్చుకున్నాను, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

అప్పట్లో అడగడానికి నాకు ఎవరూ లేరండి. ధైర్యం చేసి ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే నా మాట పూర్తిగా వినకుండానే ఇలాంటివి మేం చూడం అని పంపేశారు. తెలిసినవాళ్లేమో గర్భనిరోధక మాత్రలు వేసుకో, అందులో ఉండేది అదే హార్మోన్ కదా అన్నారు, తొందరగా మార్పు రావాలని రోజుకి మూడు వేసుకునేదాన్ని, పైగా సిగరెట్ అలవాటు కూడా ఉండేది. అయిదో నెలలో ఒకరోజు ఎడమ పిక్క వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది, అడుగు వేస్తే లోపల ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. కండరం పట్టేసిందేమో అనుకుని రెండు రోజులు ఆయింట్‌మెంట్ రాసుకుంటూ కూర్చున్నా. స్కాన్ తీస్తే తేలింది రక్తం గడ్డ కట్టిందని, అది అక్కడి నుంచి కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

అప్పుడు తెలిసింది నాకు, చాలా గర్భనిరోధక మాత్రల్లో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజన్ అని, అది రక్తం గడ్డకట్టే ప్రమాదం బాగా పెంచుతుంది కాబట్టి ట్రాన్స్ మహిళలకి అది రాయొద్దని డాక్టర్ల మార్గదర్శకాలే చెప్తున్నాయని. మాకు రాసేది మామూలు ఈస్ట్రడయాల్, అంటే అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజనే, మెనోపాజ్ వచ్చిన ఆడవాళ్లకి రాసేదీ ఇదే. మాత్రగా ఉంటుంది, ప్యాచ్, జెల్, ఇంజక్షన్ కూడా ఉంటాయి. మింగే మాత్ర కంటే చర్మం ద్వారా వెళ్లేదానికి గడ్డల ప్రమాదం తక్కువ, అందుకే నాకు ముందు రక్తం పలచబడే మందులు వాడించి, సిగరెట్ పూర్తిగా మానిపించి, రక్త సంబంధ జబ్బులు చూసే డాక్టర్‌తో మాట్లాడాకే మా ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ప్యాచ్ రాశారు. పొట్ట కింద భాగంలో అంటించుకునే పల్చటి స్టిక్కర్ అది, వారానికి రెండుసార్లు మారుస్తా, ఒకసారి కుడి పక్క ఒకసారి ఎడమ పక్క, లేకపోతే దురద. తీసేశాక చుట్టూ జిగురు గీత మిగిలిపోతుంది, కొంచెం నూనె దూదితో తుడిస్తే పోతుంది. తొమ్మిదేళ్లుగా నా "మారిపోవడం" అంటే ఈ పనే.

దీనికి తోడు టెస్టోస్టెరాన్, అంటే మగ హార్మోన్, తగ్గించే మందు ఇంకోటి ఉంటుంది. నేను వాడింది స్పైరనోలాక్టోన్, బీపీకి కూడా ఇస్తారు దాన్ని, పొటాషియం పెరుగుతుంది కాబట్టి రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి, మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సొస్తుంది. కొందరికి సైప్రోటెరోన్ రాస్తారు, దాన్ని ఎక్కువ డోసులో ఏళ్లకేళ్లు వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే కణితి వచ్చే ప్రమాదముంది, అందుకే ఇప్పుడు తక్కువ డోసే రాస్తున్నారు, ఇలాంటివి మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునేవి కాదండి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. ఎండోక్రైన్ సొసైటీ అనే హార్మోన్ల డాక్టర్ల సంఘం వాళ్లు 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మాలాంటివాళ్లకి టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల కంటే తక్కువ, ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకి 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండేలా చూడమన్నారు, డోసు ఎక్కువేస్తే తొందరగా అయిపోతుంది అనుకోడానికేం లేదు. రొమ్ములు పెరగడం మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై రెండు మూడేళ్లు సాగుతుంది, చర్మం మెత్తబడుతుంది, కండ తగ్గుతుంది. గొంతు మాత్రం మారదు, గడ్డం పోదు, దానికి లేజర్లు గట్రా వేరే తిప్పలు. వీర్యకణాలు తగ్గిపోతాయి, మళ్లీ వస్తాయో రావో ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు మొదలుపెట్టకముందే దాచుకోవాలి. నన్ను ఆ మాట మొదటిరోజే అడిగారు, నాకు ఏడుపొచ్చింది, కానీ అడిగినందుకు ఇప్పటికీ ఆ డాక్టర్‌కి దణ్ణం పెట్టుకుంటా.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పేపర్లలో అసలు కనపడని మనుషులు వీళ్లే. నా స్నేహితులొకరు నాన్ బైనరీ, అంటే తనని తను ఆడ అనీ అనుకోరు మగ అనీ అనుకోరు. (మన తెలుగులో మర్యాదగా "తను అన్నారు" అంటే ఆడా మగా అని తేలదు, ఈ ఒక్క విషయంలో మన భాష మాకు ఎంత మేలు చేసిందో.) తను తక్కువ డోసు టెస్టోస్టెరాన్ జెల్ వాడారు. రోజూ పొద్దున్నే భుజాలకి రాసుకుని ఆరేదాకా చొక్కా వేసుకోకుండా కూర్చునేవారు, చెల్లెలి కూతుర్ని ఎత్తుకోవాలంటే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని చొక్కా వేసుకోవాల్సిందే, ఆ జెల్ చంటిపిల్లలకి అంటితే వాళ్ల ఒంట్లోకీ హార్మోన్ వెళ్లిపోతుంది మరి. తక్కువ డోసు అంటే మార్పులు నెమ్మదిగా వస్తాయి అంతే, నాకు గొంతు కావాలి గడ్డం వద్దు అని ఏరుకోవడం కుదరదని డాక్టర్ ముందే చెప్పారంట. ఏడాదిన్నరకి గొంతు తనకి నచ్చినంత బొంగురుపోయింది, అక్కడితో డాక్టర్‌కి చెప్పి ఆపేశారు. నెలసరి మళ్లీ మొదలైంది, ఒళ్లు కొంత ముందులాగే అయింది, గొంతు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఫోన్లో హలో అంటే ఆ గొంతులో ఎంత హాయి ఉంటుందో నేను చెప్పలేను. దీన్ని ఎవరైనా "మధ్యలో మనసు మార్చుకుంది" అని రాస్తే అది పచ్చి అబద్ధం, తనకి కావాల్సింది దొరికాకే ఆపారు.

తన రిపోర్టు ఒకటి నాకు ఇంకా గుర్తుంది. ఫారంలో స్త్రీ అని ఉండటంతో హిమోగ్లోబిన్ పక్కన ఎక్కువ అని నల్లగా బాణం గుర్తు వేసి ఇచ్చారు, రాత్రంతా నిద్రపోలేదు పాపం. టెస్టోస్టెరాన్ వాడితే ఎర్రకణాలు పెరుగుతాయి, అప్పుడు మగవాళ్లకి ఉండే పరిధితో పోల్చి చూడాలి, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే మాత్రం డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారు అని పొద్దున్నే డాక్టర్ చెప్పాక గానీ అన్నం సహించలేదు తనకి. ట్రాన్స్ పురుషులకి మూడు నెలలకోసారి వేసే ఇంజక్షన్ కూడా ఉంది, వాళ్లకీ ఇదే పరీక్ష. ఇంకోటి, నెలసరి ఆగిపోయినంత మాత్రాన గర్భం రాదని కాదు, టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు, ఇది తెలియక ఇబ్బంది పడ్డవాళ్లు నాకు తెలుసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో మా విషయాన్ని మానసిక రోగాల అధ్యాయంలోంచి తీసేసి లైంగిక ఆరోగ్యం కింద పెట్టింది, వైద్యం మాత్రం అందాలి కాబట్టి పట్టికలో ఉంచింది. అయినా మా వార్తలు ఎప్పుడూ వింతలు విశేషాల పక్కనే వేస్తారు. థైరాయిడ్ మాత్ర గురించి ఎలా రాస్తారో అలా రాయండి చాలు, ఏ మందు, ఎంత డోసు, ఏ పరీక్ష, ఏది తిరిగి వస్తుంది ఏది రాదు.

మీ ఆరోగ్యం పేజీలో ఒక్క వారం ఈ విషయానికి చోటివ్వండి, ఎండోక్రినాలజిస్ట్‌తో రాయించండి. గర్భనిరోధక మాత్రల సంగతి మాత్రం అందరికీ కనపడేలా పెద్ద అక్షరాల్లో వేయండి, అప్పటి నాలాగా రోజుకి మూడు మింగుతున్నవాళ్లు ఇవాళ కూడా ఎక్కడో ఉన్నారు, వాళ్లు డాక్టర్‌ని అడగలేకపోయినా మీ పేపర్ చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకురాలు