కెమెరాల్లో రైళ్లు చూసే మన సంఘం, తిరుపతి: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం ఏం చేశామో, ఏవి చేయలేకపోయామో సర్వసభ్య సమావేశం ముందు పెట్టడం కార్యదర్శిగా నా పని. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంచుతారు కాబట్టి ఇందులో డబ్బు లెక్కల జోలికి పోను. అయితే ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడిగారు. "కూతవేటు దూరంలో స్టేషన్ పెట్టుకొని, టీవీలో అమెరికా రైళ్లు చూసేదేంది?" అని. దానికి ముందు సమాధానం చెప్పాలి.

మన స్టేషన్‌లో ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని నిలబడితే రైలు కనిపిస్తుంది, నిజమే. కానీ కొండకు వచ్చిపోయే యాత్రికుల మధ్య గంటసేపు నిలబడటం మనలో చాలామంది మోకాళ్ల వల్ల కాదు. పైగా స్టేషన్‌లో కనబడేది ఆగిన రైలు. పరుగు మీదున్న గూడ్సును దగ్గరగా చూడాలంటే పట్టాల పక్కకు పోవాలి. అక్కడికి అనుమతి లేకుండా వెళ్తే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. కేసు మాట అటుంచండి, ప్రాణానికే మంచిది కాదు. లైవ్ కెమెరా ఈ రెండు చిక్కులూ తీర్చింది. లైను పక్కన స్తంభానికో భవనానికో బిగించిన కెమెరా, దానికో మైకు, రాత్రీ పగలూ ఆగని ప్రసారం. రైలు రానంతసేపు ఖాళీ పట్టాలు, పిట్టల అరుపు, గాలి చప్పుడు. అది విసుగనిపించినవాళ్లు రెండో వారం రారు. రెండో వారం వచ్చినవాళ్లు ఇక మానరు.

శనివారం చూపులు

కొర్లగుంటలోని మన మిద్దెగదిలో శనివారం సాయంత్రం కూడిక ఈ ఏడాదీ కొనసాగింది. మనకు సాయంత్రం ఆరున్నర అయితే వేసవిలో షికాగో వైపు ఉదయం ఎనిమిది. అంటే మనకు చీకటి పడే వేళకు అక్కడ మంచి వెలుతురు. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు. చలికాలం కోసం గోడ మీద రెండో టైం పట్టిక అంటించింది అందుకే. దయచేసి దాన్ని ఎవరూ పీకకండి.

ఎక్కువసార్లు పెట్టింది మిస్సోరి రాష్ట్రంలోని లా ప్లాటా అనే చిన్న స్టేషన్ కెమెరా. లాస్ ఏంజెలెస్ నుంచి షికాగో పోయే సౌత్‌వెస్ట్ చీఫ్ అక్కడ వాళ్ల ఉదయం ఆగుతుంది, అంటే మన భోజనాల వేళకు. సరిగ్గా ఆ వేళకే వస్తుందని మాత్రం ఎవరూ పూచీ పడలేరు. అక్కడ పట్టాలు గూడ్సు కంపెనీవి, ప్రయాణికుల బండి వాటి మీద అతిథి. ఆలస్యమైనప్పుడు మన మహిళా సభ్యులు పాసింజరు రైళ్ల మీద విసిరే జోకులు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించలేదు.

కాలిఫోర్నియాలోని టెహాచపి వలయం పిల్లలకు బాగా నచ్చింది. కొండ ఎక్కడానికి 1876లో పట్టాలను గుండ్రంగా చుట్టి, తన కింది దారి మీదుగానే దాటేలా వేశారు. ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది చైనా కూలీలు. సుమారు 4,000 అడుగులు మించిన గూడ్సు అక్కడికి వస్తే దాని తల దాని నడుము మీదుగా పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మలుపులో పైన పోయే బస్సును కింది బస్సులోంచి చూసినట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ రెండూ ఒకే బండి. మధ్యలో, చివర కూడా ఇంజన్లు ఉండటం, వాటిని ముందున్న డ్రైవరే రేడియోతో నడపడం ఇక్కడే మొదటిసారి గమనించాం.

లెవెల్ క్రాసింగు దగ్గర అమెరికా ఇంజను వేసే కూత రెండు పెద్దవి, ఒక చిన్నది, మళ్లీ ఒక పెద్దది. మన పిల్లలు ఇది నేర్చుకుని మెట్ల మీద దిగుతూ వేస్తున్నారు. కింది వాటాలో ఉన్నవాళ్ల నుంచి ఫిర్యాదు వచ్చింది. న్యాయమైన ఫిర్యాదే.

రాత్రి కెమెరాల గురించి ఒక్క మాట. వాటి చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీళ్లు వచ్చి అద్దం మీదే గూడు కడతాయి. తెర నిండా రాక్షసి సాలీడు నడిచి, దాని కాళ్ల సందులోంచి కంటెయినర్ల బండి పోవడం చూసి ఒకమ్మ భయపడి లేచి వెళ్లిపోయారు. తర్వాతి వారం వచ్చారు, సాలీడు ఎలా ఉందని అడుగుతూ.

గార్డు పెట్టె ఏదీ?

మన సంఘానికి దొరికిన అదృష్టం రిటైరైన రైల్వే పెద్దలు. గార్డుగా పనిచేసిన పెద్దాయన ఒకరు (2022 జనవరి నుంచి ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు) మొదటిరోజు అమెరికా గూడ్సు మొత్తం పోయేదాకా ఓపిగ్గా చూసి, చివర్న "గార్డు పెట్టె ఏదబ్బా?" అన్నారు. లేదు. దాని బదులు చివరి వ్యాగన్ కప్లింగుకు ఒక చిన్న పెట్టె తగిలిస్తారు. దానికి మినుకుమినుకుమనే ఎర్ర దీపం. బ్రేకు గొట్టంలో గాలి ఒత్తిడి ఎంతుందో అది రేడియోలో ఇంజనుకు చెబుతుంది. ఆ వివరం తెలిశాక పెద్దాయన ఒక సాయంత్రమంతా మనకు పాఠం చెప్పారు. మన బండి చివరి పెట్టెకు ఎల్‌వీ (లాస్ట్ వెహికల్, అంటే చివరి పెట్టె) బోర్డు ఎందుకు తగిలిస్తారు, పెట్టె వెనక పసుపు గుణకారం గుర్తు ఎందుకు వేస్తారు, స్టేషన్ మాస్టరు జెండా పట్టుకుని నిలబడి చూసేది ఏమిటి. చివరి పెట్టె కనిపిస్తేనే బండి తెగిపోకుండా మొత్తం వచ్చినట్టు. అప్పుడే వెనక బండికి దారి ఇవ్వాలి. ఇన్నేళ్లుగా స్టేషన్‌లో ఆ గుర్తును చూస్తూ ఉన్నా దాని అర్థం చాలామందికి ఆ రోజే తెలిసింది.

అమెరికా కెమెరాలు కొన్నింటిలో రైల్వే రేడియో మాటలు కూడా వినిపిస్తాయి. లైను పక్కన అమర్చిన యంత్రం దాటిపోయిన బండి ఇరుసుల వేడిని కొలిచి, లోపం లేదనో ఉందనో, ఇరుసులు ఎన్నో, మనిషి గొంతులో చదువుతుంది. ఇంటర్ చదివే మన కుర్రాళ్లు ఆ అంకె రాకముందే వ్యాగన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి, ఇంజన్లకు ఆరేసి కలిపి సరిచూసుకుంటున్నారు. లెక్కల ట్యూషన్‌లో ఈ ఉత్సాహం లేదని వాళ్ల అమ్మానాన్నల బాధ.

2024లో అమెరికా రైల్వే కంపెనీ యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ 4014 ఆవిరి ఇంజను పర్యటనకు బయలుదేరింది. 1941లో తయారై, విశ్రాంతిలోకి పోయి, 2019లో మళ్లీ పట్టాలెక్కిన ఇంజను అది. బండిని నడిపే చక్రాలే పదహారు. దాన్ని చూడటానికి మామూలుగా రాని సభ్యులు కూడా వచ్చారు, కుర్చీలు చాలక చాపలు పరిచాం. ఒకప్పటి నందలూరు స్టీమ్ షెడ్డులో పనిచేసిన పెద్దాయన ముందు వరసలో కూర్చున్నారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం పొగ వైపు చూసి, "ఇది బొగ్గు పొగ కాదు" అన్నారు. తర్వాత వెతికితే అదే నిజమని తేలింది. బాగుచేసినప్పుడు ఆ ఇంజనును బొగ్గు నుంచి చమురుకు మార్చారు. ఇంజను వెనక తగిలించిన డీజిల్‌ను కూడా ఆయనే పట్టుకున్నారు. "తోడు లేకుండా పంపలేదన్నమాట" అని నవ్వారు. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి బండ్లు 1995తో ఆగిపోయాయి. పార పట్టి బాయిలర్‌కు బొగ్గు వేసిన మనిషి మన మధ్య ఉండగానే ఆయన జ్ఞాపకాలు రికార్డు చేయాలని నా కోరిక. ఈ ఏడాది రెండు కూడికల దాకా జరిగింది, మూడోది ఆయన ఆరోగ్యం వల్ల ఆగింది.

ఇంగ్లండ్‌లోని డాలిష్ కెమెరాను తుపాను వేళల్లో పెట్టుకుని చూశాం. అక్కడ పట్టాలు సముద్రపు గోడ మీదే పోతాయి, అల లేచి పెట్టెల మీద పడుతుంది. 2014 ఫిబ్రవరిలో ఆ గోడ కూలి పట్టాలు గాలిలో వేలాడాయి. ఏప్రిల్‌కు మళ్లీ బండ్లు నడిపారు. చూస్తున్నవాళ్లలో రాజంపేట వైపు సభ్యులు 2021 నవంబరు వరదల్లో నందలూరు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి ఎత్తారు. ఆ రాత్రి రైలు మాటలు తక్కువ, వరద మాటలు ఎక్కువ జరిగాయి.

ఇలినాయ్‌లోని రోషెల్‌లో రెండు కంపెనీల లైన్లు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుపోతాయి. మనకు నాగపూర్ డైమండ్ క్రాసింగ్ ఎలాగో అలాగ. పక్కనే ఊరివాళ్లు రైళ్లు చూసేందుకు పార్కు కట్టుకున్నారు. షికాగో వైపు ఉద్యోగం చేసే మన సభ్యుల కూతురు ఒకరోజు ఆ పార్కుకు వెళ్లి, ఫోను చెవిన పెట్టుకుని కెమెరాకు చేయి ఊపింది. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యం కదా, "నాన్నా, రైలు పోయింది, చూశావా?" అని ఆ పిల్ల అడిగేటప్పటికి ఇక్కడ తెర మీద ఇంకా గేటు కూడా పడలేదు. "పోలేదు, ఇంకా రాలేదు" అని ఆయన, "పోయిందంటే" అని ఆ అమ్మాయి. గదిలో అందరం నవ్వాం. వాళ్లమ్మ మాత్రం రైలును పట్టించుకోలేదు, స్వెట్టర్ ఎందుకు వేసుకోలేదని అడిగారు.

సొంత కెమెరా ప్రతిపాదన

ఈ ఏడాది సంఘం ఎక్కువ సేపు వాదించుకున్న విషయం ఇదే. రేణిగుంట వైపు లైను కనిపించే మిద్దె ఉన్న సభ్యుడు ఒకరు, అక్కడ కెమెరా పెట్టి మనమే ప్రసారం చేద్దామని ప్రతిపాదించారు. కుర్రాళ్లందరూ సరే అన్నారు. మన వెంకటాద్రి, నారాయణాద్రి, పద్మావతి, సప్తగిరి బండ్లను అమెరికా వాళ్లు ఎందుకు చూడకూడదు అన్నది వాళ్ల వాదన. బండ్ల పేర్లలోనే ఏడుకొండలున్న ఊరు మనది, వాళ్ల ఆవేశం అర్థం చేసుకోదగిందే.

పెద్దల అభ్యంతరాలు మూడు రకాలుగా వచ్చాయి. రైల్వే అనుమతి లేకుండా లైను మీద ఇరవై నాలుగ్గంటలూ కెమెరా తిప్పడం భద్రత విషయంలో చిక్కు తెస్తుంది. ఆ మిద్దె నుంచి పట్టాలతోపాటు పక్కిళ్ల పెరళ్లు, బట్టలు ఉతుక్కునే ఆడవాళ్లు, బడికి పోయే పిల్లలు కనబడతారు. వాళ్లను ఎవరు అడిగారు? మూడోది చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు, చివరికి గార్డు పెద్దాయనే చెప్పారు. పట్టాల మీద జరగరానిది జరిగితే అదీ ప్రత్యక్షంగా ప్రసారమవుతుంది. ఆయన ఉద్యోగంలో అలాంటివి చూశారు. ఆ తర్వాత గది చాలాసేపు సద్దుమణిగింది.

సంబంధిత కార్యాలయానికి అనుమతి కోరుతూ ఉత్తరం పెట్టాం, గుర్తుచేస్తూ మరొకటి పెట్టాం. జవాబు రాలేదు. రాతపూర్వక అనుమతి వచ్చేదాకా కెమెరా పెట్టకూడదని కార్యవర్గం తీర్మానించింది. "పెద్దోళ్లు భయపడినారని కూడా రాయన్నా" అని ఒక కుర్ర సభ్యుడు కోరాడు. రాశాను. నా మటుకు నాకు ఈ తీర్మానం సరైనదే.

ఆ నిరాశ తీర్చడానికే రేణిగుంట జంక్షన్‌కు వెళ్లాం, ప్లాట్‌ఫాం టికెట్లతో, పసుపు గీత ఇవతలే నిలబడి. ముంబై, చెన్నై లైను మీద గూడ్సులు ఎలా పోతాయో, గూడూరు వైపు, తిరుపతి వైపు ఎలా విడిపోతాయో ఈసారి వేరే కళ్లతో చూశాం. తలెత్తితే కరెంటు తీగ. అమెరికా గూడ్సు లైన్ల మీద అది ఉండదు, డీజిలే. అందుకే వాళ్లు కంటెయినరు మీద కంటెయినరు పెడతారు. మన పశ్చిమ ప్రత్యేక సరుకు కారిడార్‌లో తీగను బాగా ఎత్తులో కట్టి ఆ పని చేస్తున్నారని ఒక పాప చెప్పింది. ఎనిమిదో తరగతి. ఎవరూ నేర్పలేదు.

మిగిలినవి

ఇంటర్నెట్ వర్షాకాలంలో పలుమార్లు పోయింది, ఆ రోజుల్లో రికార్డు చేసినవి చూసి సరిపెట్టుకున్నాం. టీవీకి కొత్త స్పీకరు దాతలు ఇచ్చారు, వారికి కృతజ్ఞతలు. చాయ్ గిన్నె కడిగే వంతులు పాటించనివాళ్ల పేర్లు ఈసారికి రాయడం లేదు.

ఈ నివేదిక రాస్తుండగానే, 2025 ఏప్రిల్‌లో, తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల సింగిల్ లైనును డబుల్ చేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంచనా సుమారు 1,332 కోట్లు. పని మొదలైతే ఎర్త్‌వర్కు నుంచి చివరి స్లీపరు దాకా అనుమతి ఉన్న చోట్ల నుంచి ఫొటోలు తీసి ఆల్బం చేద్దామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టేవి: ఆ ఆల్బం, పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ దగ్గరి రైల్వే మ్యూజియానికి యాత్ర, శనివారంతోపాటు ఆదివారం తెల్లవారుజామున కూడా గది తెరవడం. తెల్లవారుజాము కూడికకు తాళంచెవి బాధ్యత తీసుకునేవాళ్లు ముందుగా పేరు ఇవ్వాలి. పేరు రాకపోతే ఆ అంశం ఓటుకు రాదు. చందా బాకీలు సమావేశానికి ముందే కోశాధికారికి అందజేయగలరు.

కార్యదర్శి