‘రేపట్నుంచి రావద్దు’ అనే ముందు

సంపాదకుడు గారికి,

మిర్యాలగూడ రైస్ మిల్లులు కానీ, చౌటుప్పల్, జడ్చర్ల వైపు ఫ్యాక్టరీలు కానీ, చాలాచోట్ల కార్మికుణ్ని తీసేయడం గేటు దగ్గర ఒక్క మాటతో అయిపోతున్నది: ‘రేపట్నుంచి రావద్దు’. చేతికి కాగితం ఇవ్వరు, లెక్క కట్టరు. లేబర్ ఆఫీసు నోటీసు వచ్చాక యజమాని వకీలును వెతుక్కుంటాడు. అప్పటికే కేసు సగం పోయి ఉంటుంది. యాజమాన్యం వకీలంటే కార్మికుడి పొట్టకొట్టేవాడన్న పేరుంది. ఆ వకీలును ముందే అడిగితే ఇద్దరికీ నష్టం తప్పుతుంది.

లెక్క చూడండి. నెలకు 15,000 జీతం మీద ఎనిమిదేళ్లు చేసిన మనిషిని పని లేదని తీసేయాలంటే నెల నోటీసు, లేదా దానికి బదులు 15,000. ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం 60,000. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం, ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ప్రకారం, తీసేసిన కార్మికుడు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన రీస్కిల్లింగ్ ఫండ్‌కు మరో 15 రోజుల జీతం 7,500. గ్రాట్యుటీ, నెలను 26 రోజులుగా లెక్కిస్తూ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, 69,231. అన్నీ కలిపితే లక్షన్నర పైచిలుకు. ఇది ఎగ్గొట్టి, ఐదేళ్లకు ‘పనిలోకి తీసుకో, పాత జీతమంతా కట్టు’ అని తీర్పు వస్తే బకాయే 9 లక్షలు. తిరిగి తీసుకొమ్మన్న తీర్పు మీద హైకోర్టుకు పోయినా, అతనికి వేరే పని లేకపోతే కేసు తేలేదాకా నెలనెలా జీతం ఇస్తూనే ఉండాలి.

‘వాడు రోజుకూలి, చట్టం వర్తించదు’ అనేది మరో పొరపాటు. పన్నెండు నెలల్లో 240 రోజులు చేస్తే చాలు. జీతం ఇచ్చిన ఆదివారాలు, సెలవులు కూడా ఆ 240లోకే వస్తాయని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. రావడం లేదని మస్టరులో (హాజరు పట్టీలో) పేరు కొట్టేస్తే అదీ రిట్రెంచ్‌మెంటేనని, అంటే నోటీసు, పరిహారం ఇచ్చి తీసేయాల్సిన తొలగింపేనని 1982 తీర్పు. మస్టరు దాచినా కలిసిరాదు. కోర్టు అడిగినప్పుడు చూపకపోతే కార్మికుడి మాటే నిజమనుకునే వీలుంటుంది.

నిజంగా తప్పు చేసినవాణ్ని తీసేయాల్సి వస్తే యజమానులు ఎక్కువ కేసులు ఓడేది సంస్థ లోపల జరిపే ఎంక్వైరీలో. కార్మికుడికి ఇచ్చే ఆరోపణ పత్రం, అంటే చార్జిషీటులో తేదీ, షిఫ్టు, చోటు, ఏం జరిగిందో విడివిడిగా రాయాలి. ‘నువ్వు బస్తాలు దొంగిలించినందున’ అని రాస్తే విచారణకు ముందే తీర్పు చెప్పినట్టు. ‘దొంగిలించావన్న ఆరోపణ’ అని రాయాలి. అతనికి వచ్చిన భాషలో ఇవ్వాలి. బీహారు హమాలీకి తెలుగు చార్జిషీటు ఇచ్చి సంతకం పెట్టించుకుంటే అది నిలబడదు. జవాబుకు కనీసం వారం ఇవ్వడం మంచిది. చార్జిషీటు తీసుకోకపోతే సొంతూరి అడ్రసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. ఫిర్యాదు చేసిన మేనేజరునే ఎంక్వైరీ ఆఫీసరుగా పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఆ ఒక్కదానితోనే ఎంక్వైరీ మొత్తం కొట్టుకుపోతుంది. ముందు యాజమాన్యం సాక్షులు చెప్పాలి, వాళ్లను కార్మికుడు ప్రశ్నించాలి, తర్వాత అతని సాక్ష్యం. ప్రతి పేజీ మీద అందరి సంతకాలు ఉండాలి. అతను రాకపోయినా సాక్షులను పిలిచి వాంగ్మూలం రాయాల్సిందే. శిక్ష వేసే ముందు ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఇచ్చి అతని మాట వినాలి. మన హైదరాబాదు ఈసీఐఎల్ కేసులో 1993లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చిన సంగతి ఇది. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం, ఆలస్యం అతనివల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం. ఇంత చేసినా, చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేస్తే దాన్ని తగ్గించే అధికారం కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు ఉంది.

కన్సిలియేషన్‌లో, అంటే లేబర్ ఆఫీసులో జరిగే రాజీ చర్చల్లో, వకీలుకు ప్రవేశం లేదు. యజమాని మాత్రం తాను రాకుండా గుమాస్తాను పంపుతాడు. అతను ‘సేటును అడిగి చెప్తా’ అంటూ వాయిదా మీద వాయిదా అడుగుతాడు. రెండు లక్షల్లో తెగే తగవు అక్కడే చెడుతున్నది. సంతకం చేసే అధికారం ఉన్న మనిషి చెక్కుబుక్కుతో రావాలి. ఖాళీ కాగితం మీద రాజీనామా సంతకాలు తీసుకొని పెట్టుకునే యజమానికి ఏ వకీలూ ఆ కాగితం కోర్టులో వేసిపెట్టకూడదు. అది మోసం. రాజీనామా నిజమైనదే అయినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

కొత్త కోడ్‌లో స్టాండింగ్ ఆర్డర్లు, అంటే సంస్థలో పని నియమాలు, 300 మంది ఉన్న సంస్థలకే తప్పనిసరి. మన మిల్లుల్లో చాలావాటికి అవి ఉండవు కనుక ఏది తప్పో నియామక పత్రంలోనే రాసుకోవాలి. ఆ పత్రం ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి కూడా. వానాకాలం వడ్లు రాకముందే కార్మిక శాఖ అధికారులు, రైస్ మిల్లర్లు, బార్ అసోసియేషన్లు మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఒక్కో రోజు కూర్చొని నియామక పత్రం, చార్జిషీటు, ఎంక్వైరీ నోటీసు నమూనాలు తెలుగులో, హిందీలో తయారుచేసి ప్రతి మిల్లు ఆఫీసుకు పంపాలని కోరుతున్నాను.

– యాజమాన్యాల పక్షాన కార్మిక కేసులు చూసే న్యాయవాది, మిర్యాలగూడ