‘వెరిఫైడ్’ టిక్కుతో దొంగ ప్రకటనలు: అద్దె ఇళ్ల యాప్ సంస్థకు ఫిర్యాదు

హైదరాబాద్

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: సరిచూడకుండా ఇస్తున్న ‘వెరిఫైడ్’ గుర్తు, దాచిన ఖర్చులు, అద్దెకి పోయిన ఇళ్ల ప్రకటనల గురించి.

అయ్యా / అమ్మా,

ఉద్యోగాల మీద హైదరాబాద్ వచ్చేవాళ్లకి అద్దె ఇళ్లు చూసిపెట్టే స్వచ్ఛంద బృందం మాది. వరంగల్, కర్నూలు, శ్రీకాకుళం లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది ఇక్కడ దిగకముందే ఇల్లు ఖాయం చేసుకోవాలని చూస్తారు. వాళ్లు నమ్మేది మీ యాప్‌లోని ఆకుపచ్చ ‘వెరిఫైడ్’ టిక్కుని.

ఆ టిక్కు దేన్ని చూసి ఇస్తున్నారు? ప్రకటన పెట్టినవాళ్ల ఫోన్‌కి ఓటీపీ పంపి, అది సరిపోతే ఇచ్చేస్తున్నారు. దానివల్ల తేలేది ఆ నంబరు వాళ్ల చేతిలో ఉందని మాత్రమే. ఇల్లు అసలు ఉందా, వాళ్లదేనా, ఖాళీగా ఉందా అన్నవాటిలో ఒక్కటీ తేలదు. చూసేవాళ్లు మాత్రం మీ మనిషి వెళ్లి ఇల్లు చూసొచ్చాడనే అనుకుంటారు.

జతచేసిన మొదటి ప్రకటన చూడండి. గచ్చిబౌలి స్టేడియం దగ్గర డబుల్ బెడ్‌రూమ్, సెమీ ఫర్నిష్డ్, అద్దె 15 వేలు. ఆ చుట్టుపక్కల అలాంటి ఫ్లాట్ అంతకి దొరికే ప్రసక్తే లేదు. హాలు ఫొటోలో తెల్ల టైల్స్, బెడ్‌రూమ్ ఫొటోలో నల్ల గ్రానైట్. స్విచ్ బోర్డులు ఒక్కో గదిలో ఒక్కో రకం. బాల్కనీలోంచి మెట్రో పిల్లర్లు కనిపిస్తున్నాయి. మెట్రో రాయదుర్గంతోనే ఆగిపోయింది, స్టేడియం దాకా రాలేదు. నాలుగైదు ఇళ్ల ఫొటోలు కలిపి చేసిన ప్రకటన ఇదని ఊరు తెలిసినవాళ్లు ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. కొత్తగా వచ్చేవాళ్లకి అది ఎలా తెలుస్తుంది? దీనికీ మీరు టిక్కు ఇచ్చారు.

తర్వాత జరిగేది ఒకటే వరస. ఫోన్ చేస్తే, తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ మీద వేరే రాష్ట్రంలో ఉన్నానని చెబుతారు. వాట్సాప్‌లో ఐడీ కార్డు ఫొటో పంపుతారు, అది ఇంకెవరిదో. ఇల్లు చూడాలంటే గేట్ పాస్ కోసం రెండు మూడు వేలు కట్టమని, చూశాక వెనక్కి ఇస్తామని అంటారు. ఇంకో ఫ్యామిలీ సాయంత్రానికి వస్తోందని తొందరపెట్టి, టోకెన్ అడ్వాన్స్ కింద నెల అద్దె లాగుతారు. అనుమానం వచ్చి డబ్బు వెనక్కి అడిగితే క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే మన ఖాతాలోంచి ఇంకాస్త పోతుంది.

ఇలాంటప్పుడు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు ఆపించే అవకాశం ఉంటుంది. మీ యాప్‌లో ‘రిపోర్ట్’ నొక్కితే ఆటోమేటిక్ జవాబు వస్తోంది, 1930 ఊసే లేదు. ఆ జవాబులో ఈ ఒక్క నంబరు చేర్చడానికి ఏం అడ్డం?

సరిచూడటం అసాధ్యమేమీ కాదు. ఓనరు దగ్గర కరెంటు బిల్లు మీది యూఎస్‌సీ నంబరు, ఆస్తిపన్ను రసీదు మీది పీటీఐఎన్ నంబరు తీసుకోండి. మొదటిది కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ సైట్‌లో, రెండోది మున్సిపల్ కార్పొరేషన్ సైట్‌లో చూసుకోవచ్చు. కరెంటు మీటరు ఇంకా బిల్డర్ పేరు మీదే ఉన్న ఫ్లాట్లు చాలా ఉన్నాయి, పన్ను పాత ఓనరు పేరు మీద వచ్చేవీ ఉన్నాయి. కాబట్టి ఒక్క కాగితంతో తేల్చేయకండి. రెండూ కలవకపోతే సేల్ డీడ్ మొదటి పేజీ అడగండి. ఆ పైన, మీ యాప్ కెమెరాతోనే అక్కడికక్కడ వీడియో తీయించండి: వీధిలోంచి మొదలుపెట్టి, మెయిన్ గేటు, ఫ్లాట్ నంబరు, కరెంటు మీటరు, లోపలి గదులు, మధ్యలో ఆపకుండా. గ్యాలరీలోంచి ఫొటోలు ఎక్కించే దారి ఉన్నంతకాలం ఈ మోసం ఆగదు.

అద్దె ఒక్కటే చూపించి మిగతా ఖర్చులు దాచడం ఇంకో సమస్య. ప్రకటనలో 22 వేలని ఉంటుంది. తీరా వెళ్లాక మెయింటెనెన్స్ వేరే, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ల వాటా వేరే, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద నెల అద్దె కోత. నెలకి అంతా కలిపి ఎంతో ఒకే అంకెలో పైన చూపించండి. నీళ్లు మంజీరావా (కుళాయివి), బోరువా, ట్యాంకరా అన్న గడి తప్పనిసరి చేయండి. ‘24 గంటల సెక్యూరిటీ’ అన్న మాట, సెల్లార్‌లో నిద్రపోయే ఒక్క వాచ్‌మన్ ఉన్న బిల్డింగులకి కూడా పెడుతున్నారు. ఒంటరిగా ఉండబోయే ఆడపిల్లలు దాన్ని నమ్ముకునే వస్తున్నారు. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందేమో కూడా అడగండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

అద్దెకి పోయిన ఇళ్ల ప్రకటనలు వారాల తరబడి అలాగే ఉంటున్నాయి. ఓనర్ల నంబర్ల కోసం మీ యాప్‌లో డబ్బు కట్టి ప్యాకేజీ కొన్నవాళ్లు ఫోన్ చేస్తే ఇల్లు ఇచ్చేశామంటారు, వాళ్ల లెక్కలో ఒక కాంటాక్ట్ తగ్గిపోతుంది. అలాంటి కాంటాక్ట్‌లు తిరిగి జమచేయాలి. వారానికోసారి ఓనరు ‘ఖాళీగానే ఉంది’ అని నొక్కకపోతే ప్రకటన దానంతటదే దిగిపోవాలి.

మేము కోరేది: జతచేసిన ప్రకటనలు వెంటనే తీసేయండి, వాటివల్ల ప్యాకేజీ డబ్బు పోయినవాళ్లకి వాపసు ఇవ్వండి. సరిచూసే ఏర్పాటు అయ్యేదాకా ‘వెరిఫైడ్’ టిక్కు స్థానంలో ‘ఫోన్ నంబరు మాత్రమే సరిచూశాం’ అని తెలుగులో, ఇంగ్లీషులో రాయండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాం. డబ్బు పోయినవాళ్ల తరఫు కాగితాలు జిల్లా వినియోగదారుల కమిషన్ కోసం సిద్ధం చేస్తున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఎవరుండే జిల్లాలో వాళ్లే కేసు వేసుకోవచ్చు కాబట్టి, శ్రీకాకుళం వాళ్లు శ్రీకాకుళంలోనే వేస్తారు.

జతచేసినవి: ప్రకటనల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సంభాషణలు, యూపీఐ చెల్లింపుల వివరాలు, ప్యాకేజీ రసీదులు.

ఇట్లు,
అద్దె ఇళ్ల సహాయ బృందం సభ్యులు