ఆటకూ వయసు ధ్రువపత్రం కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలు ఆడే వీడియో గేముల గురించి ఈ మధ్య మీ పత్రిక లేఖల శీర్షికలో వస్తున్న అభిప్రాయాలను శ్రద్ధగా చదువుతున్నాను. అన్నింటినీ నిషేధిస్తే పీడ విరగడవుతుందని కొందరు, కన్నవాళ్లకు పిల్లలను అదుపులో పెట్టడం చేతకాక ప్రభుత్వం మీద పడుతున్నారని మరికొందరు రాస్తున్నారు. ఒక ఆట ఏ వయసు వారికి తగినదో, అందులో ఏముందో చట్టబద్ధంగా తేల్చి చెప్పే సంస్థ మన దేశంలో లేదన్న సంగతి ఇద్దరూ వదిలేస్తున్నారు. ముందు ఆ లోటు పూడ్చకుండా తల్లిదండ్రులను తప్పుపట్టడం అన్యాయమని, అప్పుడప్పుడూ ఒక నిషేధం ప్రకటించి ఊరుకోవడం ప్రభుత్వం చేతులు దులుపుకోవడమేనని నా అభిప్రాయం.

సినిమాకు ఈ ఇబ్బంది లేదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ప్రదర్శనకు వచ్చే ప్రతి చిత్రానికీ ధ్రువపత్రం ఉండాలి. 2023లో ఆ చట్టాన్ని సవరించి, అంతవరకు ఒకే గంపగుత్తగా ఉన్న యు/ఎ తరగతిని 7, 13, 16 ఏళ్ల చొప్పున మూడుగా విడదీశారు. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనలు ఇంచుమించు ఇవే తరగతులను వర్తింపజేసి, 13 ఏళ్లు దాటినవారి తరగతి నుంచి పెద్దలు తాళం వేసుకునే వీలు ఉండాలన్నాయి. అచ్చు పుస్తకాలు పిల్లలను చెడగొడతాయన్న భయంతో 1956లోనే హానికర ప్రచురణల చట్టం చేసుకున్న దేశం మనది. పిల్లవాడు రెండున్నర గంటలు కూర్చుని చూసే సినిమాకు ఇంత ఏర్పాటు ఉండగా, వాడు నెలల తరబడి తానే కథానాయకుడై ఆడే ఆట మీద మాత్రం మన ముద్ర అంటూ ఏదీ లేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో మారతహళ్లిలో మా వీధి చివర ఉన్న ఒక గేమింగ్ పార్లర్‌కు వెళితే తెలుస్తుంది. గంటకు ఇంతని పుచ్చుకుని ఆడనిస్తారు. సాయంత్రం బడి వదిలాక యూనిఫాం కూడా మార్చుకోని పిల్లలు అక్కడ గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 ఆడుతుంటారు. కౌంటరు మీద పెట్టిన ఆ డిస్కు పెట్టె మూల ఎర్ర గళ్లో 18 అని స్పష్టంగా ఉంటుంది. మూడో తరగతి చదివే పిల్లవాడికి తెర అందకపోతే అక్కడి కుర్రాడు కుర్చీలో రెండు దిండ్లు వేసి మరీ కూర్చోబెడతాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, ఎందుకంటే ఆ 18 అన్నది ఐరోపా వారి అంకె. దాన్ని పాటించాలని ఇక్కడి చట్టమేదీ అతనికి చెప్పలేదు. అదే రోడ్డులోని మల్టీప్లెక్సులో ఎ సర్టిఫికెట్ చిత్రానికి ఆ పిల్లవాణ్ణి తీసుకువెళితే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు.

నిజానికి వీడియో గేముల నియంత్రణ బెంగళూరుకు కొత్త కాదు. ఈ నగరంలోని పార్లర్లు పోలీసు లైసెన్సు తీసుకోవాలన్న ఉత్తర్వు మీద వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఎం.జె. శివాని కేసులో 1995లో న్యాయస్థానం ఆ నియంత్రణను సమర్థించింది. అయితే అప్పటి బెంగ ఆట ముసుగులో జూదం జరుగుతుందేమోనని. తెర మీద ఏముంది, ఆడుతున్నది ఎవరు అన్న విచారణ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మరి ఫోనులో ప్రతి ఆట పేరు కిందా కనిపించే 3+, 12+, 16+ అంకెలు ఎక్కడివని అడగవచ్చు. అమెరికాలో 1993 చివర్లో మోర్టల్ కోంబాట్, నైట్ ట్రాప్ అనే ఆటల మీద సెనేట్ విచారణ జరిగింది. మీకు మీరుగా ఏదో ఒకటి చేయకపోతే చట్టమే చేస్తామని జోసెఫ్ లీబర్మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు గట్టిగా పట్టుబట్టడంతో, 1994లో పరిశ్రమే ఆటలకు వయసు తరగతులు ఇచ్చే ఈఎస్ఆర్‌బీ అనే సంస్థను పెట్టుకుంది. ఐరోపాలో 2003లో పెగీ అనే అటువంటి ఏర్పాటే వచ్చింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక లక్షల ఆటలను మనుషులు కూర్చుని చూడటం అయ్యే పని కాదు కనుక, ఇటువంటి సంస్థలు కొన్ని కలిసి 2013లో ఐఏఆర్‌సీ అనే ఉమ్మడి పద్ధతిని తెచ్చాయి. రక్తం కనిపిస్తుందా, బూతులు ఉన్నాయా, మత్తుమందుల ప్రస్తావన ఉందా అంటూ సాగే ప్రశ్నావళిని ఆట తయారుచేసినవారే నింపుతారు. వారి జవాబులను బట్టి ఏ దేశానికి ఏ అంకె అన్నది కంప్యూటరు లెక్కగడుతుంది. సొంత సంస్థ లేని దేశాలన్నింటికీ కలిపి ఒక సాధారణ అంకె వస్తుంది. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపించేది అదే.

ఈ పద్ధతిని పనికిరానిదని కొట్టిపారేయను. కానీ అది ప్రధానంగా కొలిచేది కంటికి కనిపించే హింసను, చెవికి వినిపించే బూతును. మన ఇళ్లలో తగవులు వస్తున్నది డబ్బు దగ్గర, ముక్కూ మొహం తెలియనివారితో మాటల దగ్గర. ఆటలో కొనుగోళ్లు ఉన్నాయని, ఇతరులతో మాట్లాడవచ్చని చిన్న అక్షరాలతో ఒక ముక్క రాస్తారు గానీ, ఇన్నాళ్లూ సాధారణంగా ఆ కారణాన అంకె పెరిగింది లేదు. చుక్క రక్తం కారని ముద్దొచ్చే బొమ్మల ఆటకు చిన్న అంకె వస్తుంది. లోపలికి వెళితే అదే ఆటలో లోపల ఏముందో తెలియని పెట్టెలు అమ్ముతుంటారు. రూపాయలను ముందు వజ్రాలుగా మార్పిస్తారు, వజ్రాలతో పెట్టె కొనిపిస్తారు, పెట్టెలో కోరుకున్న చొక్కా రాకపోతే ఇంకొకటి కొనమంటారు. ఎంత ఖర్చయిందో పిల్లలకే కాదు, పెద్దలకూ లెక్క తేలదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి బ్యాంకు స్టేట్‌మెంటు నేను స్వయంగా చూశాను. 89 రూపాయలు, 159 రూపాయలు, మళ్లీ 89, ఇలా వరుసగా చిన్న చిన్న పద్దులు. అన్నీ సాయంత్రం ఐదుకూ ఏడుకూ మధ్యవే, అంటే అమ్మానాన్నలిద్దరూ ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉండే వేళ. ఆ ఆటకు ఉన్న అంకె 7+.

ఇతర దేశాలు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. ఇటువంటి పెట్టెలను డబ్బుకు అమ్మడం జూదం కిందికే వస్తుందని బెల్జియం 2018లో తేల్చింది. ఆస్ట్రేలియా 2024 సెప్టెంబరు నుంచి, అదృష్టం మీద ఆధారపడిన కొనుగోళ్లున్న కొత్త ఆటలు 15 ఏళ్ల లోపు వారికి తగవన్న తరగతికి తగ్గకూడదని, జూదాన్ని అనుకరించే ఆటలు పెద్దలకు మాత్రమేనని నిబంధన పెట్టింది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్, పిల్లల వివరాల సేకరణకు, తికమకపెట్టే మీటలతో అనుకోని కొనుగోళ్లు చేయించినందుకు కలిపి 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2022 డిసెంబరులో ఒప్పుకోవలసి వచ్చింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసి, డబ్బు కట్టి డబ్బు గెలుచుకోవాలన్న ఆశతో ఆడే ఆటలను నిషేధించింది. ఎన్నో కుటుంబాలను వీధిన పడేసిన వ్యసనం అది కనుక నేను ఆ నిషేధాన్ని సమర్థిస్తాను. అయితే నాకు అర్థమైనంతవరకు, పిల్లల పెట్టెల బేరం దానికి సూటిగా దొరకదు. పోయే డబ్బే తప్ప తిరిగి వచ్చే డబ్బు లేని ఆట అది మరి.

నిషేధాల సంగతికి వస్తే, 2020 సెప్టెంబరు 2న పబ్‌జీని ఆపినప్పుడు మన కాలనీల్లో తల్లులు సంతోషించిన మాట నిజమే. కానీ మరో 117 యాప్‌లతో కలిపి దాన్ని ఆపింది దేశ భద్రత, సార్వభౌమత్వం పేరిట, ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద. పిల్లల మేలు ఆ ఉత్తర్వుకు ఆధారం కాదు. మరుసటి ఏడాది జూలైలో అదే తరహా ఆట బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చింది. 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 3 గంటలేనని, తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ వస్తుందని కంపెనీ చెప్పింది. ఓటీపీ వచ్చే ఫోను పిల్లవాడి చేతిలోనే ఉంటే ఆ కట్టడి ఎంతసేపు నిలుస్తుంది? 16 ఏళ్ల లోపు వారు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు ఆడకూడదని 2011లో చట్టం తెచ్చిన దక్షిణ కొరియాలో పిల్లలు తల్లిదండ్రుల గుర్తింపు సంఖ్యలతో లోపలికి వెళ్లారు. పదేళ్ల తరువాత ఆ దేశమే ఆ చట్టాన్ని ఎత్తివేసింది. చైనా 2021లో శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకు మాత్రమేనని గీత గీసింది. గడియారం పట్టుకుని ఇంట్లోకి వచ్చే ప్రభుత్వం నాకు అక్కర్లేదు. ఎంతసేపు ఆడాలన్నది ఇంటివాళ్లు తేల్చుకోవలసిన విషయం. ఏది ఆడుతున్నాడో ఇంటివాళ్లకు తెలిసేలా చేయడం ప్రభుత్వం చేయవలసిన పని.

తల్లిదండ్రుల బాధ్యత గురించి రాసేవారు ఈ నగరంలో మన ఇళ్లు ఎలా నడుస్తున్నాయో కూడా చూడాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళతారు. కడప నుంచో ఒంగోలు నుంచో వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో మనవణ్ణి కనిపెట్టుకుని ఉంటుంది. "అమ్మమ్మా, ఇది చిన్నపిల్లల ఆటే, చూడు బొమ్మలు" అని వాడు చూపిస్తే ఆమె కాదనడానికి ఆధారమేముంది? ఫోను తండ్రి పాతది, అందులోని గూగుల్ ఖాతా తండ్రిది, పుట్టినతేదీ తండ్రిది. కనుక ప్లేస్టోరు లెక్కలో ఆడుతున్నది నలభై ఏళ్ల మనిషి. పిల్లల ఫోను వాడకాన్ని పెద్దలు అదుపు చేసుకునే ఫ్యామిలీ లింక్ వంటి ఏర్పాట్లు ఉన్న మాట వాస్తవమే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుండే మా అపార్ట్‌మెంట్‌లోనే వాటిని పెట్టుకున్న ఇళ్లు తక్కువ. ఇందులో మన బద్ధకం కొంత ఉంది, ఒప్పుకోవలసిందే. పిల్లవాడికి వాడి పేరున వాడి వయసుతో ఖాతా తెరవడం, యూపీఐ పిన్ వాడికి చెప్పకపోవడం, వాడు ఆడే ఆటను ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడటం ఏ ప్రభుత్వమూ మన బదులు చేయదు. ఆడటం వ్యసనంగా మారిన పిల్లల కోసం ఇదే ఊళ్లోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014 నుంచి ప్రత్యేకంగా షట్ అనే క్లినిక్ నడుపుతోందని కూడా చాలామందికి తెలియదు. విషయం అక్కడిదాకా వెళ్లాక పరుగెత్తడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన చందమే.

వయసు తరగతులు చట్టంలోకి వస్తే సెన్సారు బోర్డు పెత్తనం ఆటల మీదికీ వస్తుందని బెంగళూరులోని గేమ్ స్టూడియోల్లో పనిచేసే మిత్రులు భయపడుతున్నారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. హింస ఉన్న ఆటలను పిల్లలకు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 7-2 తేడాతో కొట్టివేసింది. ఆటలకూ పుస్తకాలతో సమానంగా భావప్రకటన రక్షణ ఉందన్నది. అయితే జర్మనీలో యూఎస్‌కే అనే సంస్థ ఇచ్చే తరగతిని దుకాణాలు పాటించి తీరాలని చట్టమే చెబుతుంది, బ్రిటన్ 2012 నుంచి దుకాణాల్లో అమ్మే ఆటలకు పెగీ అంకెలను అలాగే కట్టుబాటు చేసింది. అక్కడి ఆటల పరిశ్రమ మూతపడలేదు. కత్తిరింపులు నేను కోరడం లేదు. పెద్దలు ఏ ఆటైనా ఆడుకోనివ్వండి. తరగతి ముద్ర మాత్రం మనదై ఉండాలి. పార్లరు వాడు, దుకాణం వాడు దాన్ని పాటించాలి. పెట్టెల అమ్మకం, కొత్తవారితో మాటలు ఉంటే ఆ కారణంగానే వయసు పెరగాలి. పిల్లల ఖాతాలో ఈ రెండూ మొదటి నుంచే మూసి ఉండి, పెద్దలు తెరిస్తేనే తెరుచుకోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతిని నిర్ధారించుకోవాలని ఎలాగూ అంటోంది కనుక, ఆ సమ్మతి అడిగే తెర మీదే ఆట తరగతిని, కారణాలను తెలుగు, కన్నడ వంటి భాషల్లో రెండు వరుసలు చూపించమనడం కంపెనీలకు పెద్ద బరువేమీ కాదు.

ఇది చట్టమై వచ్చేలోగా మీ పత్రిక చేయగలిగిన పని ఒకటుంది. శుక్రవారం సినిమా సమీక్షల పేజీలో ప్రతి చిత్రానికీ సర్టిఫికెట్ ఏమిటో వేస్తున్నట్లే, పిల్లలు ఎక్కువగా ఆడుతున్న ఒక ఆటను వారానికొకటి తీసుకుని, దాని వయసు అంకె, అందులో డబ్బు ఎక్కడ అడుగుతారు, ఎవరితో మాట్లాడే వీలుంది అన్న మూడు సంగతులు నాలుగు వాక్యాల్లో వేయండి. మా ఇళ్లలో పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది ఆ అమ్మమ్మలూ తాతయ్యలే.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు.