చిత్రశాలకు శిలాఫలకాల కన్నా చీకటి గది ముఖ్యం

సంపాదకులకు,

నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి బొమ్మలు అనంతపురంలో ఒక ప్రజా చిత్రశాలలో పదిలంగా ఉండాలంటే దాతలు తమ పేరు చెక్కించే శిలాఫలకం మాట పక్కన పెట్టాలి. డబ్బు అవసరమయ్యేది కిటికీలకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్ముకు, బొమ్మలను చుట్టి ఉంచే ఆమ్లం లేని కాగితానికి, తేమ కొలిచే మీటరుకు.

మేకతోలు బొమ్మ మీద వెలుతురు 50 లక్సులు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) దాటకూడదు. వెలిసిన రంగు మళ్లీ రాదు. మన ఎండలకు తోలు బిగుసుకుని అంచులు లేస్తాయి, వానాకాలంలో బూజు పడుతుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేయడం ఇంకా చెడ్డది. తోలు రోజూ ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటే రంగు పెచ్చులుగా రాలుతుంది.

వాలంటీర్లు రిజిస్టరు పనికి ఇద్దరిద్దరుగా కూర్చోవాలి, ఒకరు బొమ్మ పట్టుకుంటే ఇంకొకరు రాయాలి: వరుస సంఖ్య, సెంటీమీటర్లలో కొలత, చిరుగులు, రెండు వైపులా ఫొటో. సంఖ్యను పెన్నుతో బొమ్మ మీద రాయొద్దు, టేపు అసలే వద్దు. నూలుదారంతో చీటీ కట్టాలి.

చిత్రశాల సభ్యత్వ రుసుము చిన్నదైనా ఏటా వస్తుంది, కరెంటు బిల్లుకు అదే ఆధారం.

బొమ్మలు ఇచ్చేవారు ‘ఎప్పుడూ ప్రదర్శనలోనే ఉంచాలి’ అని షరతు పెట్టొద్దని మనవి. కొన్ని నెలలు చూపించి చీకట్లో విశ్రాంతినివ్వాల్సిన వస్తువులవి. దానపత్రం మీద సంతకాలు తప్పనిసరి, లేదంటే రేపు వారసులు తిరిగి అడిగితే చూపడానికి కాగితముండదు.

– కళాభిమానులు, అనంతపురం